తీరము దాటిన తుపాను



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో నివసించు మనకు సముద్రము కనబడదు. కోదాడనుండి మచిలీపట్టణపు తీరమునకు రోడ్డు మార్గమున సుమారు 160 కిలోమీటర్లు కలవు. సముద్రమును ఒక్కసారియైనను చూడకయే కన్నుమూసిన పెద్దలు మన పల్లెలలో అనేకులున్నారు. అందుచేత బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినదను వార్త వినినప్పుడు అది బందరువారి సంగతి, దివిసీమవారి సంగతి అని తలంచి మన పనిలో మనముందుము. మరునాడు తుపాను తీరము దాటినదని విని, గండము గడిచినదని ఊపిరి పీల్చుకొందుము. అయితే తీరము దాటిన తుపాను ఎక్కడికి పోవును? భూమిమీదికే గదా వచ్చును! అనేక పర్యాయములు మన వైపునకే గదా వచ్చును! ఈ ప్రశ్నకు చరిత్ర యిచ్చిన జవాబును ఈ నెల కలిసి ఆలోచింతము.

మెత్తని గాలిని నమ్మినవారు

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో ఒక ఓడ ప్రయాణము వ్రాయబడియున్నది. పౌలు ఖైదీగా రోమాకు కొనిపోబడుచుండెను. క్రేతు ద్వీపములోని మంచిరేవులు అను స్థలమునకు వచ్చునప్పటికి ఉపవాసదినము గడిచిపోయినది. అనగా శరత్కాలము, ఆ సముద్రముమీద ఓడ నడుపుట అపాయకరమైన కాలము. ముందుకు పోయినయెడల సరకునకును ఓడకును మాత్రమే గాక ప్రాణములకును హాని కలుగునని పౌలు హెచ్చరించెను. శతాధిపతి ఖైదీ మాటకంటె నావికుని మాటను, ఓడ యజమానుని మాటను ఎక్కువగా నమ్మెను. ఇంతలో దక్షిణపు గాలి మెల్లగా విసరెను. ఇంక భయము లేదని తలంచి లంగరెత్తిరి. కొంచెము సేపటికే ఊరకులోను అను పెనుగాలి వారిమీద పడెను. పదునాలుగు దినములు వారు ఆ గాలికి కొట్టుకొనిపోయిరి.

ఈ కథలో గమనింపదగినది ఒకటి కలదు. హెచ్చరిక ముందుగానే వచ్చినది. దానిని కొట్టివేసినది పెనుగాలి కాదు, దానికి ముందు వీచిన మెత్తని గాలియే. మన తీరపు చరిత్రలోను ఈ సంగతి మరల మరల కనబడుచున్నది. ఆకాశము తేటగా నున్నప్పుడు హెచ్చరిక యెవరికిని రుచింపదు. అది రుచించునప్పటికి దారులు మూసుకొనిపోవును.

బందరును ముంచిన రాత్రి

బంగాళాఖాతమున తుపానులు పుట్టుటకు ముఖ్యముగా రెండు కాలములు కలవు. ఒకటి ఏప్రిల్, మే మాసములు. రెండవది అక్టోబరు మొదలుకొని డిసెంబరు వరకు. సముద్రపు పైనీరు సుమారు 26 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు తడిగాలి పైకి లేచును. దాని చోటు నింపుటకు నలుప్రక్కలనుండి గాలి పరుగెత్తి వచ్చును. భూమి తిరుగుచుండుటచేత ఆ గాలి తిన్నగా రాక సుడి తిరుగును. మన దేశమున్న ఉత్తరార్ధగోళములో ఆ సుడి గడియారపు ముల్లునకు ఎదురుగా తిరుగును. మధ్యనుండు భాగమును తుపాను కన్ను అందురు. ఆ కన్ను ఊరిమీదికి వచ్చినప్పుడు గాలి నిలిచిపోవును, ఒక్కొక్కప్పుడు ఆకాశము కూడ కనబడును. తుపాను పోయినదని జనులు వెలుపలికి వత్తురు. కొంతసేపటిలో ఎదురు దిక్కునుండి మునుపటివంటి గాలియే విరుచుకొనిపడును. పౌలు ఓడను మోసగించిన మెత్తని గాలివంటిదే యిదియు.

అయితే ప్రాణములను ఎక్కువగా తీయునది గాలి కాదు, నీరు. సుడిగాలి సముద్రమును తీరమువైపు నెట్టును. మన తీరమున సముద్రపు లోతు తక్కువ గనుక ఆ నీటికి క్రిందికి పోవు చోటు లేదు. అది గోడవలె లేచి నేలమీదికి పారును. దీనినే మన పెద్దలు ఉప్పెన యనిరి. తుపాను వచ్చు త్రోవకు కుడిప్రక్కనున్న తీరమున గాలి సముద్రమునుండి నేలవైపు వీచును గనుక అక్కడనే ఉప్పెన మిక్కిలి యెత్తుగా వచ్చును.

గోదావరి ముఖద్వారమునొద్ద కోరంగి రేవును 1789 డిసెంబరులో ఒక ఉప్పెన ముంచివేసెను. 1839 నవంబరులో మరల ఉప్పెన వచ్చి ఆ రేవు వైభవమును తుడిచివేసెను. ఈలాటి తుపానుల వృత్తాంతములను కలకత్తాలో కూర్చి పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ అను నతడు, చుట్టచుట్టుకొను పామును తలపించు గ్రీకు మాటనుండి సైక్లోను అను పేరు కల్పించెను. లోకమంతట నేడు వాడబడు ఆ మాట మన బంగాళాఖాతపు దుఃఖమునుండి పుట్టినదే.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణముమీదికి సముద్రము వచ్చెను. ఆ ప్రాంతమున సుమారు 30,000 మంది చనిపోయిరని ఆనాటి లెక్కలు చెప్పుచున్నవి. డచ్చివారును ఫ్రెంచివారును ఇంగ్లీషువారును వర్తకము చేసిన గొప్ప రేవు మరల మునుపటి స్థితికి రాలేదు. 1841లో ఆ పట్టణమునకు వచ్చి 1843లో పాఠశాల స్థాపించిన రాబర్ట్ నోబుల్ దొరగారు ఆ విపత్తు కాలమున అచ్చటనే యుండిరి. మరుసటి సంవత్సరమే, 1865లో, ఆయన అచ్చటనే కన్నుమూసిరి. ఆయన పేరున వెలసిన విద్యాలయము మాత్రము నిలిచి తెలుగు దేశమున అనేకులకు చదువు చెప్పెను.

బందరు ఉప్పెనకు ముందు నెలలో, 1864 అక్టోబరు 5వ తేదీన, కలకత్తాను కూడ పెద్ద తుపాను పాడుచేసియుండెను. ఒకే సంవత్సరములో కలిగిన ఈ దెబ్బల తరువాత వాతావరణమును కనిపెట్టి ముందుగా చెప్పు ఏర్పాటు కావలెనను తలంపు ప్రభుత్వమునకు బలపడెను. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపించబడెను. కనుక నేడు మనకు వినబడు ప్రతి తుపాను హెచ్చరిక వెనుకను ఆ దినములలో సమాధియైనవారి వెల యున్నదని మరువరాదు.

దివిసీమ శనివారము

1977 నవంబరు 19వ తేదీ శనివారము. ఆగ్నేయ బంగాళాఖాతములో కొన్ని దినములకు ముందు పుట్టిన తుపాను గుంటూరు, కృష్ణా జిల్లాల తీరమును తాకెను. గాలి గంటకు 200 కిలోమీటర్లకు మించి వీచెను. కృష్ణానది రెండు పాయల నడుమనున్న దివిసీమ ఆ తుపాను త్రోవకు కుడిప్రక్కను ఉండెను. సుమారు 5 మీటర్ల యెత్తున, అనగా మూడు నిలువుల యెత్తున, సముద్రము దానిమీదికి వచ్చెను. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి మొదలైన పల్లెలలో తాటాకు గుడిసెలు నేలమట్టము కాలేదు. అవి యుండిన గురుతే మిగులలేదు. మృతులు 10,000కు తక్కువ కారని సాధారణముగా చెప్పబడుచున్నది. అంతకంటె చాల యెక్కువయని చెప్పువారును కలరు. చనిపోయినవారిలో జాలరులు, వ్యవసాయ కూలీలు, స్త్రీలు, పిల్లలు అధికముగా నుండిరి. పశువులకు లెక్క లేదు. పొలములు ఉప్పునీట నాని చవిటి నేలలాయెను. తాటిచెట్టును కౌగిలించుకొని నిలిచినవారును, గట్టి కట్టడములలోనికి పరుగెత్తినవారును బ్రదికిరి.

హెచ్చరిక లేకపోయెనా? ఉండెను. ఆకాశవాణి చెప్పుచునే యుండెను. అయితే రేడియో లేని గుడిసెలు అనేకములు. తుపాను తీరము నెక్కడ తాకునో ఆనాటి సాధనములతో నిశ్చయముగా చెప్పుట కష్టమాయెను. వినినవారికి సైతము గాలివాన వచ్చునని తెలిసినది గాని సముద్రమే ఊరిలోనికి వచ్చునని బోధపడలేదు. బోధపడినవారికి పోవుటకు ఎత్తైన చోటు లేకపోయెను. హెచ్చరిక సముద్రమునుండి రేడియో వరకు వచ్చినది. రేడియోనుండి గుడిసె వరకు రాలేదు. ఆ చివరి మైలు నడచువాడు లేకపోవుటయే పెద్ద లోటాయెను.

తరువాత కలిగిన మార్పు ఈ సంగతిని రుజువు చేయుచున్నది. దేశమంతట సహాయము వచ్చెను. అవనిగడ్డ ప్రాంతపు నాయకుడు మండలి వెంకటకృష్ణారావుగారు పునర్నిర్మాణ కార్యములో ముందు నిలిచిరి. కలకత్తానుండి మదర్ తెరెసా వచ్చి బాధితులను చూచిరి. క్రైస్తవ సంఘముల సహాయ సంస్థయైన కాసా తీరపు గ్రామములలో తుపాను ఆశ్రయ భవనములను కట్టించెను. అవి మామూలు దినములలో బడులుగాను సభలకును ఉపయోగపడి, విపత్తునాడు ఊరంతటికి మేడయగును. మచిలీపట్టణమున తుపానులను కనిపెట్టు రాడారు నిలిపిరి. 1990 మే 9వ తేదీన మరియొక మహా తుపాను కృష్ణా ముఖద్వారమునొద్దనే తీరము దాటెను. ఈసారి లక్షలాది జనులను ముందుగా తరలించిరి. మరణములు వేయిలోపు. ఒక్క ప్రాణమైనను పోవుట దుఃఖమే. అయినను 1977 లెక్క ప్రక్కను ఈ లెక్కను ఉంచి చూడుడి. సముద్రము మారలేదు, గాలి మారలేదు. మాట మాత్రము చేరవలసినవారికి చేరెను.

అయితే నేర్చిన పాఠము దానంతట అది నిలువదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను కొట్టిన తుపానులో మరల వేయిమందికి పైగా చనిపోయిరి. వారిలో వేటకు వెళ్లిన జాలరులు అనేకులు. పొరుగు రాష్ట్రమైన ఒడిశాలో 1999లో వచ్చిన మహా తుపాను సుమారు పదివేల ప్రాణములు తీసెను. అదే రాష్ట్రములో 2013లో ఫైలిన్ తుపానునకు ముందు దాదాపు పది లక్షలమందిని తరలించిరి. మృతుల లెక్క పదులలోనే నిలిచెను.

మూసీ చెప్పిన సంగతి

ఇంతవరకు చెప్పినది సముద్రపు ఒడ్డు కథ. ఇంక మన నేలకు వత్తము.

తుపాను భూమిమీదికి వచ్చిన తరువాత దానికి ఆహారమైన వేడినీరు దొరకదు. గాలి తగ్గును. ఉప్పెన మన దాకా రాదు. అయితే మేఘములలో అది మోసికొనివచ్చిన నీరు ఎక్కడికిని పోలేదు. గాలి తగ్గిన తుపాను వడి తగ్గి ఒకచోట నిలిచినయెడల, ఆ నీరంతయు ఆ చోటనే కుమ్మరించును. తీరమున ప్రమాదము సముద్రమునుండి వచ్చును. మనయొద్ద వాగునుండి, చెరువు కట్టనుండి, కాలువ గట్టునుండి వచ్చును.

దీనికి పాత సాక్షి మూసీనది. 1908 సెప్టెంబరులో బంగాళాఖాతమునుండి వచ్చిన తుపాను మేఘములు హైదరాబాదు ఎగువ ప్రాంతమున కుండపోతగా కురిసెను. ఆ నెల 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెను. సుమారు 15,000 మంది చనిపోయిరని చెప్పుదురు. వరద కారణములను పరిశీలించుటకు పిలువబడిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఒక ముఖ్యమైన సంగతి కనుగొనిరి. మూసీలోనికి నీరు వచ్చు ప్రాంతమున 788 చెరువులుండగా వాటిలో 221 తెగిపోయెను. మన గొలుసుకట్టు చెరువుల సంగతి మనకు తెలిసినదే. పై చెరువు తెగినయెడల దాని నీరు క్రింది చెరువుమీద పడును. అది కూడ తెగినయెడల రెండింటి నీరు మూడవదానిమీద పడును. ఆనాడు జరిగినది అదియే. ఆ అనుభవమునుండియే 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును పూర్తియైనవి.

ఆ మూసీ హైదరాబాదులో ఆగునది కాదు. అది సూర్యాపేట సమీపమునుండి పారి, మిర్యాలగూడ ప్రాంతమున వాడపల్లియొద్ద కృష్ణలో కలియును. సూర్యాపేటకు చేరువనున్న మూసీ ప్రాజెక్టు ఆ నదిమీదనే కట్టబడినది. 2020 అక్టోబరు 13వ తేదీన కాకినాడ యొద్ద తీరము దాటిన తీవ్ర వాయుగుండము హైదరాబాదును ముంచినప్పుడు ఆ నీరును ఈ త్రోవనే క్రిందికి వచ్చెను. కావున బంగాళాఖాతము మన పొలములకు దూరము కాదు. మూసీ గట్టున నిలిచినవాడు ఒక విధముగా సముద్రపు టొడ్డుననే నిలిచియున్నాడు.

కోదాడ చూచిన ఆదివారము

2024 ఆగస్టు 31వ తేదీ అర్ధరాత్రి ప్రాంతమున ఒక వాయుగుండము కళింగపట్నమునొద్ద తీరము దాటెను. దానికి తుపాను అను పేరు కూడ రాలేదు. అంత గాలి దానిలో లేదు. కళింగపట్నము మనకు ఎంత దూరము! అయినను ఆ రాత్రియు మరునాడు ఆదివారమునను కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతములలో కురిసిన వాన చూచినవారు మరువలేరు. కోదాడ పట్టణములో ఇండ్లు మునిగెను. పారు నీటిలో కొట్టుకొనిపోయి ప్రాణములు పోయెను. నడిగూడెం మండలములో కాగితరామచంద్రాపురమునొద్ద నాగార్జునసాగరు ఎడమ కాలువకు గండి పడి, పొలములు ఇసుక మేటలాయెను. విజయవాడ రోడ్డుమీద రాకపోకలు నిలిచెను. పొరుగున ఖమ్మములో మున్నేరు ఇండ్లలోనికి వచ్చెను. కేసముద్రము ప్రాంతమున రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయెను. విజయవాడలో బుడమేరు లక్షలమందిని దిగ్బంధించెను. ప్రకాశం బ్యారేజీనుండి 11 లక్షల క్యూసెక్కులకు మించిన నీరు పారెను.

2025 అక్టోబరు 28వ తేదీ రాత్రి మొంథా అను తుపాను నరసాపురమునొద్ద తీరము దాటెను. మరునాడు వరంగల్లు మొదలుకొని తెలంగాణములో అనేక స్థలములు నీటిపాలాయెను. అది వరి కోతల కాలము. చేనిలో పంట పడిపోయెను, ఆరబోసిన ధాన్యము తడిసెను. సంవత్సరమంతయు చేసిన కష్టము కల్లములోనే మొలకెత్తుట చూచిన రైతు బాధ మనకు వేరుగ చెప్ప నక్కరలేదు.

వాతావరణ శాఖవారు తుపాను హెచ్చరికను నాలుగు మెట్లుగా ఇచ్చుచున్నారు. మొదటిది దాదాపు మూడు దినములకు ముందు. రెండవది రెండు దినములకు ముందు. మూడవది ఒక దినమునకు ముందు. ఈ మూడును ముఖ్యముగా తీరమువారికి. నాలుగవది తుపాను తీరము దాటుటకు సుమారు పండ్రెండు గంటలకు ముందు వచ్చును. అది తీరము దాటిన తరువాత ఎటు పోవునో, లోపలి జిల్లాలలో ఏమి జరుగునో చెప్పును. ఆ నాలుగవ మాట మనది. దానిని మనము ఎప్పుడైనను శ్రద్ధగా వినితిమా?

మనము చేయదగినవి

సహోదరీ సహోదరులారా, భయపెట్టుటకు ఈ సంగతులు వ్రాయబడలేదు. భయపడినవాడు పరుగెత్తును, మెలకువగా నున్నవాడు పొరుగువాని తలుపు తట్టును. మన సంఘములు రెండవదే నేర్చుకొనవలెను.

మొదటిది, ప్రతి ఊరిలోను ఎవరి యిల్లు వాగు ఒడ్డున నున్నదో, ఎవరిది చెరువు కట్ట క్రింద నున్నదో సంఘ పెద్దలు ముందుగానే యెరిగియుండవలెను. నడువలేని ముసలివారు, చూలాండ్రు, ఒంటరి విధవరాండ్రు ఎవరో తెలిసియుండవలెను. వాన వచ్చిన రాత్రి ఆ లెక్క వేయుటకు వీలుండదు. మన ఊరికి పనికి వచ్చి పాకలలో ఉండు వలసకూలీలను ఆ లెక్కలో మరువరాదు. దివిసీమలో పోయిన ప్రాణములలో పేద కూలీలవే అనేకములు.

రెండవది, ఎత్తైన చోటనుండు గుడి, బడి, మసీదు ఏదైనను ఆ రాత్రి అందరికిని తెరవవలెను. గుడి గంట ఆరాధనకు పిలుచుటకే గాక మేలుకొలుపుటకును పనికివచ్చును. నీరు ఇంటికి వచ్చునప్పుడు అది ఎవరి ఇల్లని అడుగదు. తలుపు తెరచువాడును అడుగకూడదు.

మూడవది, పొంగిన వాగును దాటవద్దు. మోకాలి లోతు పారు నీరు మనుష్యుని పడద్రోయును. రెండడుగుల లోతు ప్రవాహము కారును తేల్చివేయగలదు. రోజూ దాటు కల్వర్టే గదా అనువాడు, దక్షిణపు గాలి మెల్లగా వీచుచున్నది గదా అనిన ఆ ఓడవారివంటివాడు. అవతలి ఒడ్డున పని ఎంత ముఖ్యమైనను ఒక రాత్రి ఆగవచ్చును.

నాలుగవది, చెరువు కట్టకు ఎలుక బొక్కలు, ఊటలు కనబడినప్పుడు వానాకాలమునకు ముందే అధికారులకు తెలుపవలెను. తూమును, అలుగును పూడ్చి ఇండ్లు, మడులు చేసికొనుట పొరుగువాని ప్రాణముమీద కట్టుకొనుటయే.

అయిదవది, కోతల కాలమున హెచ్చరిక వినిన వెంటనే కల్లములో ధాన్యమును ఎత్తుకు చేర్చి కప్పవలెను. పట్టాలు లేనివానికి ఉన్నవాడు ఇయ్యవలెను.

పౌలు ఎక్కిన ఓడ కడపట ఏమాయెను? ఓడ విరిగిపోయెను, సరకు పోయెను. అయితే ఆ ఓడలోనున్న 276 మందిలో ఒక్కరును నశింపలేదు. నావికులు చిన్న పడవ దింపి రహస్యముగా తాము మాత్రము తప్పించుకొనజూచినప్పుడు పౌలు దానిని ఆపించెను. అందరు ఓడలో నుంటేనే గాని ఎవరును బ్రదుకరని చెప్పెను. తెల్లవారుచుండగా అందరిని భోజనము చేయుమని ధైర్యపరచెను. ఈత వచ్చినవారు ఈదిరి. రానివారు పలకలు పట్టుకొని ఒడ్డు చేరిరి. మొదట ఖైదీ మాటను త్రోసివేసిన శతాధిపతియే కడపట అతని మాట వినెను. ఆలస్యముగా వినినను, వినినందున ప్రాణములు దక్కెను.

ఓడ పోయినను జనులు మిగిలిరి. మన ఊరిలోను పంట పోవచ్చును, గోడ కూలవచ్చును. అవి మరల వచ్చును. చేరవలసిన మాట చేరక పోయిన ప్రాణము మరల రాదు. కాబట్టి ఇకమీదట తుపాను తీరము దాటినదను వార్త వినినప్పుడు, గండము గడిచినదని పండుకొనక, వాగు ఒడ్డునున్న యింటివారు ఈ మాట వినిరో లేదో వెళ్లి అడుగుదము. బందరులోను దివిసీమలోను ఎవరును నడువని ఆ చివరి మైలును మన ఊరిలో మనమే నడుతము.